అంగారకుణ్ణి ఎప్పుడు, ఎక్కడ చూడాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకాశం చూసే అలవాటు ఉందని తెలిస్తే చాలు, అంగారకుడి గురించి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. ప్రతిసారీ విడివిడిగా చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించి వాటిని ఇక్కడ చేర్చాను. వరుసగా చదవనక్కరలేదు. మీ సందేహం ఏదో దాని దగ్గరికే నేరుగా వెళ్ళండి.

## వెతకడానికి ముందు

ఈ రోజు రాత్రి అంగారకుడు కనిపిస్తాడా?

దీనికి ఎప్పటికీ చెల్లే ఒకే జవాబు లేదు. చంద్రుడు నెలకొకసారి తన చక్రం పూర్తి చేసినట్టు, మన ఆకాశంలో అంగారకుడి చక్రం పూర్తి కావడానికి సుమారు 780 రోజులు, అంటే రెండేళ్ళ మీద యాభై రోజులు పడుతుంది. అందులో కొన్ని నెలలు తెల్లవారుజామున మాత్రమే కనిపిస్తాడు. కొన్ని నెలలు రాత్రంతా ఉంటాడు, మరికొన్ని నెలలు సాయంత్రం పడమట కనిపించి త్వరగా అస్తమిస్తాడు. సుమారు మూడు నెలల పాటు సూర్యకాంతిలో కలిసిపోయి అసలు కనిపించడు. కాబట్టి "ఎక్కడ ఉన్నాడు?" అనే ముందు "చక్రంలో ఇప్పుడు ఏ దశలో ఉన్నాడు?" అని అడగాలి. అది తెలిస్తే మిగతాదంతా తేలిక.

ప్రతి ఏడాదీ ఒకే నెలలో ఎందుకు కనిపించడు? నక్షత్రాలు అలాగే కనిపిస్తాయి కదా!

నక్షత్రాలు మనకు కదలని నేపథ్యం లాంటివి. భూమి సూర్యుడి చుట్టూ ఒకసారి తిరిగి రాగానే అవే నక్షత్రాలు అదే వేళకు ఎదురవుతాయి. అంగారకుడు మాత్రం తానూ నడుస్తూనే ఉంటాడు. భూమి సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో 365 రోజుల్లో ఒక చుట్టు ముగిస్తే, అతడు సెకనుకు 24 కిలోమీటర్ల వేగంతో 687 రోజుల్లో ముగిస్తాడు. లోపలి దారిలో పరుగెత్తే మనం బయటి దారిలో నెమ్మదిగా నడిచే అతణ్ణి మళ్ళీ అందుకోవడానికి రెండేళ్ళకు పైగా పడుతుంది.

చూడటానికి టెలిస్కోపు కావాలా?

అక్కరలేదు. మామూలు కళ్ళకు తేలిగ్గా కనిపించే అయిదు గ్రహాలలో అంగారకుడు ఒకడు. దూరంగా ఉన్న రోజుల్లో కూడా ఒక మోస్తరు నక్షత్రమంత వెలుగు ఉంటుంది. బాగా దగ్గరికి వచ్చిన రోజుల్లో గురుడిని కూడా మించిపోతాడు. ఈ రెండు హద్దుల మధ్య వెలుగులో తేడా 70 రెట్లకు పైనే. మరే గ్రహం వెలుగులోనూ మామూలు కళ్ళకు ఇంత పెద్ద మార్పు కనిపించదు.

నగరంలో ఉంటాను. వీధి దీపాల మధ్య కనిపిస్తాడా?

కనిపిస్తాడు. నగర కాంతి పాలపుంతనూ మసక నక్షత్రాలనూ మింగేస్తుంది కానీ గ్రహాలను అంత సులువుగా దాచలేదు. మీకు చీకటి కంటే అడ్డులేని ఆకాశం ముఖ్యం. అంగారకుడు దిగంతానికి దగ్గరలో ఉన్న నెలల్లో ఒక్క భవనం అడ్డొచ్చినా ఆ రాత్రి వృథా అవుతుంది. మేడ మీదికి వెళ్ళండి.

అంగారకుడు, కుజుడు, మంగళుడు ముగ్గురూ ఒకరేనా?

ఒకరే. అంగారం అంటే నిప్పుకణిక. రంగు చూసి పెట్టిన ఆ పేరును మించినది లేదని నాకనిపిస్తుంది. కుజుడు అంటే భూమికి పుట్టినవాడు. మంగళవారానికి ఆ పేరు వచ్చింది ఈ గ్రహం నుంచే.

## ఏ నెలల్లో చూడాలి

ఆపోజిషన్ అంటే ఏమిటి? అందరూ దాని గురించే ఎందుకు మాట్లాడతారు?

సూర్యుడికీ అంగారకుడికీ మధ్యకు భూమి వచ్చిన సందర్భం అది. అప్పుడు మన ఆకాశంలో అతడు సూర్యుడికి సరిగ్గా ఎదుటి వైపున ఉంటాడు. సూర్యుడు పడమట దిగుతుండగా అతడు తూర్పున లేస్తాడు, నడిరాత్రికి అన్నిటికంటే ఎత్తుకు చేరతాడు, సూర్యుడు ఉదయించేసరికి అస్తమిస్తాడు. అంటే రాత్రి పొడవునా కనిపిస్తాడు. దూరం తగ్గడంతో బాగా పెద్దగా, బాగా వెలుగుతూ కనిపించేదీ ఆ రోజుల్లోనే.

ఆ ఒక్క తేదీ కోసమే కాచుకుని కూర్చోవలసిన పని లేదు. దానికి ఆరేడు వారాల ముందు నుంచి ఆరేడు వారాల తర్వాత దాకా అంతా మంచి కాలమే. భూమికి అత్యంత దగ్గరయ్యే రోజు కూడా ఆపోజిషన్ రోజు కాకపోవచ్చు, కొన్ని రోజులు అటూ ఇటూ అవుతుంది. 2020లో అక్టోబరు 6న బాగా దగ్గరికి వచ్చాడు, ఆపోజిషన్ మాత్రం 13న జరిగింది.

రాబోయే మంచి సమయాలు ఏవి?

2025 జనవరి 16 నాటి ఆపోజిషన్ తర్వాత వచ్చేది 2027 ఫిబ్రవరి 19. ఆ తర్వాత 2029 మార్చి 25, 2031 మే 4, 2033 జూన్ చివర, 2035 సెప్టెంబరు 15. వీటిలో 2027, 2029 కాస్త దూరపు కలయికలు. 2031 నుంచి మెరుగవుతాయి. 2033 చాలా బాగుంటుంది. 2035లో అంగారకుడు 5.7 కోట్ల కిలోమీటర్ల లోపుకు వస్తాడు. డైరీలో రాసుకోవలసిన ఏడాది అది.

2018లో అంత జ్వలించినవాడు 2025లో అంతగా ఎందుకు మెరవలేదు?

అంగారకుడి కక్ష్య భూకక్ష్య కంటే బాగా సాగిన వృత్తం. సూర్యుడికి అతడు ఒక చివర 20.7 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ, మరో చివర 24.9 కోట్ల కిలోమీటర్ల దూరంలోనూ ఉంటాడు. భూమి అతణ్ణి అందుకునే చోటు ఆ దగ్గరి చివర పడితే పండగే. దూరపు చివర పడితే మామూలు దర్శనమే.

దగ్గరి చివర దిశగా భూమి ఏటా ఆగస్టు చివర్లో వెళుతుంది. అందుకే జూలై, ఆగస్టు, సెప్టెంబరులో జరిగే కలయికలు గొప్పగా ఉంటాయి. ఫిబ్రవరి, మార్చిలో జరిగేవి అంత దగ్గరవి కావు. 2003 ఆగస్టు 27న అతడు 5.58 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి వచ్చాడు. దాదాపు 60 వేల ఏళ్ళలో అంత దగ్గరగా రావడం అదే. 2018 జూలై చివర ఆ దూరం 5.76 కోట్లు, 2025 జనవరిలో 9.6 కోట్లు. గొప్ప కలయికలు 15 నుంచి 17 ఏళ్ళకోసారి వస్తాయి.

2027లో దూరంగానే ఉంటాడంటున్నారు. అయితే 2035 దాకా ఆగితే సరిపోదా?

దయచేసి ఆగకండి. 2027 ఫిబ్రవరిలో దూరం దాదాపు 10.1 కోట్ల కిలోమీటర్లు, నిజమే. అయినా ఆ రోజుల్లో అంగారకుడి కంటే వెలుగైన నక్షత్రం సిరియస్ ఒక్కటే. పైగా ఆ ఫిబ్రవరి దృశ్యం అరుదైనది. అంగారకుడు సింహరాశిలో, మఖ నక్షత్రానికి బాగా దగ్గరలో ఉంటాడు. నీలి ఛాయ ఉన్న తెల్లని మఖ, దాని పక్కనే నిప్పుకణిక. రంగుల తేడా తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి జంట దొరకదు. కొంచెం పడమరగా గురుడు కూడా అదే నెలలో తన నిండు వెలుగులో ఉంటాడు. అంతకు ముందే, 2026 నవంబరు మధ్యలో, తెల్లవారుజాము ఆకాశంలో గురుడూ అంగారకుడూ పక్కపక్కకు వస్తారు.

ఉత్తరార్ధగోళంలో ఉన్నవాళ్ళకు ఇంకో లాభం ఉంది. ఫిబ్రవరి కలయికలో అతడు ఆకాశంలో బాగా ఎత్తున ఉంటాడు. 2018లో ఎంత దగ్గరగా వచ్చినా దక్షిణాన కిందుగా, దిగంతపు మసకలో గడిపాడు. అప్పటి అదృష్టం దక్షిణార్ధగోళం వారిది.

కొన్ని నెలలుగా ఎంత వెతికినా కనబడటం లేదు. ఎక్కడికి పోయాడు?

సూర్యుడికి అవతలి వైపుకు వెళ్ళి ఉంటాడు. అప్పుడు అతడి దూరం 40 కోట్ల కిలోమీటర్ల దాకా పెరుగుతుంది, సూర్యుడితో పాటే లేచి సూర్యుడితో పాటే అస్తమిస్తాడు. 2026 జనవరి 9న అలా జరిగింది. మళ్ళీ 2028 మార్చిలో జరుగుతుంది. ఆ తేదీకి నెలన్నర ముందు నుంచి నెలన్నర తర్వాత దాకా వెతకడం దాదాపు వ్యర్థం. తర్వాత తెల్లవారుజామున తూర్పున, సూర్యోదయానికి కాస్త ముందు, మసకగా తిరిగి కనిపిస్తాడు.

ఫలానా రాత్రి అంగారకుడు చంద్రుడంత పెద్దగా కనిపిస్తాడని సందేశం వచ్చింది. నిజమేనా?

కాదు. ఎప్పటికీ కాదు. 2003 నాటి దగ్గరి కలయిక గురించిన ఒక వాక్యాన్ని సగం తెంచి పంపడంతో పుట్టిన మాట ఇది. టెలిస్కోపులో 75 రెట్లు పెద్దది చేసి చూస్తే, మామూలు కంటికి చంద్రుడు కనిపించేంత సైజులో ఉంటాడన్నది అసలు విషయం. ఎంత దగ్గరికి వచ్చినా కంటికి అతడు ఒక చుక్కే. ఈ సందేశం నమ్మి పిల్లల్ని మేడ మీదికి తీసుకువెళ్ళినవారు నిరాశపడి ఆకాశం వైపే చూడటం మానేస్తారేమోనని నా బాధ. ఆ చుక్క ఒక లోకమని చెప్పి చూపిస్తే పిల్లలకు అదే చాలు.

## ఆకాశంలో గుర్తుపట్టడం

ఏ దిక్కున చూడాలి?

సూర్యుడు, చంద్రుడు నడిచే దారిలోనే గ్రహాలన్నీ నడుస్తాయి. తూర్పు నుంచి పడమరకు ఆకాశాన్ని దాటే ఆ వంపును రెండు రోజులు చంద్రుణ్ణి గమనించి గుర్తుపెట్టుకోండి. అంగారకుడు దానికి దూరంగా ఎన్నడూ ఉండడు. ధ్రువ నక్షత్రం దగ్గర ఎర్రగా ఏదైనా కనిపిస్తే అది అంగారకుడు కాదని నిశ్చయంగా చెప్పవచ్చు.

ఆపోజిషన్‌కు చాలా నెలల ముందైతే తెల్లవారుజామున తూర్పు వైపు చూడండి. ఆపోజిషన్ రోజుల్లో చీకటి పడగానే తూర్పున ఉంటాడు. అది గడిచిన మూడు నెలలకు చీకటి పడేసరికే ఆకాశంలో ఎత్తుకు చేరి ఉంటాడు. అక్కడి నుంచి వారం వారం పడమటికి జారుతూ పోతాడు.

ఎరుపు అన్నారు, నాకు నారింజ రంగులా అనిపిస్తోంది. వేరే దాన్ని చూస్తున్నానా?

మీరు సరిగ్గానే చూస్తున్నారు. ఎర్ర సిరా లాంటి ఎరుపు ఎవరికీ కనిపించదు. కుంపటిలో ఆరబోతున్న నిప్పు రంగు అది. అంగారకుడి నేలనంతా కప్పిన ధూళిలోని ఇనుప ఆక్సైడ్, అంటే ఒక రకమైన తుప్పు, ఆ రంగుకు కారణం. వెలుగు తగ్గిన నెలల్లో రంగు పట్టుకోవడం ఇంకా కష్టం. పక్కనున్న తెల్లని నక్షత్రాన్నీ అతణ్ణీ మార్చి మార్చి చూస్తే తేడా తెలుస్తుంది.

అది నక్షత్రమో గ్రహమో ఎలా తెలుసుకోవాలి?

నక్షత్రాలు మిణుకుమిణుకుమంటాయి, గ్రహాలు నిలకడగా వెలుగుతాయి. మంచి సూత్రమే, కానీ దిగంతం దగ్గర ఇది పనిచేయదు. అక్కడ మందమైన గాలి పొరల వల్ల గ్రహాలు కూడా వణుకుతాయి. అంగారకుడు దూరంగా, చిన్నగా ఉన్నప్పుడు కొద్దిగా మిణుకుతాడు కూడా. అసలైన పరీక్ష వేరే ఉంది. వారం తర్వాత మళ్ళీ చూడండి. చుట్టూ ఉన్న నక్షత్రాల మధ్య స్థానం మారి ఉంటే అది గ్రహమే. అంగారకుడు సాధారణంగా రోజుకు అర డిగ్రీ, అంటే చంద్రబింబం వెడల్పంత, తూర్పుకు జరుగుతాడు.

జ్యేష్ఠ, రోహిణి, ఆరుద్ర కూడా ఎర్రగానే ఉంటాయి. తేడా ఎలా?

చాలామంది పొరబడేది ఇక్కడే, అందులో వింత లేదు. జ్యేష్ఠకు గ్రీకులు పెట్టిన ఆంటారెస్ అనే పేరుకే "అంగారకుడికి పోటీ" అని అర్థం. జ్యేష్ఠ, రోహిణి రెండూ గ్రహాల దారికి పక్కనే ఉంటాయి కాబట్టి అంగారకుడు కొన్నిసార్లు వాటి పక్కకే వచ్చి నిలబడతాడు. అప్పుడు చూడాలి ఆ జంటను!

గుర్తులు చెబుతాను. రోహిణి ఎప్పుడూ V ఆకారంలో ఉన్న చిన్న నక్షత్రాల గుంపు కొసన ఉంటుంది, కృత్తికల గుత్తి దానికి దగ్గరలోనే కనిపిస్తుంది. జ్యేష్ఠ వృశ్చికరాశిలో తేలు గుండె దగ్గర ఉంటుంది, దానికి రెండు వైపులా చెరొక చిన్న నక్షత్రం కాపలా కాస్తున్నట్టు ఉంటాయి. ఆరుద్ర అయితే వరుసగా ఉన్న మూడు నక్షత్రాలకు ఉత్తరాన, గ్రహాల దారికి బాగా ఎడంగా ఉంటుంది. ఈ గుర్తుల్లో ఏదీ లేని చోట ఎర్రని చుక్క అదనంగా కనిపిస్తే అంగారకుడేమోనని అనుమానించండి.

నక్షత్రాలేవీ నాకు తెలియవు. తేలిక దారి ఏదైనా ఉందా?

చంద్రుడి సాయం తీసుకోండి. నెలకొకసారి చంద్రుడు అంగారకుడి పక్కగా వెళతాడు. ఆ తేదీ తెలుసుకుని చంద్రుణ్ణి కనిపెడితే పక్కనున్న నారింజ చుక్కే మీకు కావలసింది. అప్పుడప్పుడు చంద్రుడు అతణ్ణి పూర్తిగా కప్పేస్తాడు కూడా. 2022 డిసెంబరు 8న, సరిగ్గా ఆపోజిషన్ వేళకు, నిండు చంద్రుడు అతణ్ణి దాచడం ప్రపంచంలో కొన్ని ప్రాంతాల వారికి కనిపించింది. చంద్రుడితో ఒకసారి చోటు గుర్తుపట్టాక మరుసటి రాత్రి చంద్రుడు పక్కకు పోయినా మీరు తడుముకోరు.

ఫోనులో యాప్ చూపించిన చోట ఏమీ లేదు. ఎందుకు?

ఫోనులోని దిక్సూచి తరచుగా పక్కకు చూపిస్తుంది. ఇనుప వస్తువుల దగ్గర ఇంకా ఎక్కువ. స్టెల్లేరియం లాంటి యాప్‌లో ముందు చంద్రుణ్ణో బాగా తెలిసిన నక్షత్రాన్నో పోల్చి, తేడా ఎంత ఉందో చూసుకోండి. సమయం, ఊరు సరిగ్గా ఉన్నాయో లేదో కూడా చూడండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు. ఆ కొలతతో దిగంతం నుంచి ఎత్తు లెక్కపెడితే దిక్సూచి మీద అంతగా ఆధారపడనక్కరలేదు.

తూర్పుకు పోతున్నవాడు వెనక్కి తిరిగాడు! నేను పొరబడ్డానా?

లేదు, అతణ్ణి శ్రద్ధగా గమనించారు. దాన్నే వక్రగతి అంటారు. లోపలి దారిలో వేగంగా వెళ్ళే భూమి అతణ్ణి దాటుతున్నప్పుడు, మన బస్సు పక్క బస్సును దాటుతుంటే అది వెనక్కి పోతున్నట్టు అనిపించినట్టే, అతడు నక్షత్రాల మధ్య పడమటికి జారినట్టు కనిపిస్తాడు. ఇది రెండు నుంచి మూడు నెలలు సాగుతుంది, మధ్యలో ఆపోజిషన్ వస్తుంది. 2027లో జనవరి రెండో వారం నుంచి ఏప్రిల్ మొదలు దాకా ఇలా ఉంటుంది.

వారానికి రెండుసార్లు మఖ పక్కన అతడి చోటును కాగితం మీద చుక్క పెట్టి చూడండి. ఆ చుక్కలను కలిపితే వచ్చే మెలిక ఒకప్పుడు ఖగోళ శాస్త్రాన్నే మలుపు తిప్పింది. టైకో బ్రాహీ ఏళ్ళ తరబడి కొలిచిన అంగారకుడి స్థానాలతో కుస్తీ పట్టే కెప్లర్ గ్రహాల దారి వృత్తం కాదని, దీర్ఘవృత్తమని తేల్చి 1609లో ప్రకటించాడు. ఆ కొలతలు టెలిస్కోపు రాకముందువి, కంటితో చేసినవి.

## టెలిస్కోపు పెట్టాక

బైనాక్యులర్లలో ఏమైనా కనిపిస్తుందా?

బింబం కనిపించదు, చుక్కగానే ఉంటాడు. రంగు మాత్రం కంటికంటే చక్కగా తెలుస్తుంది. అంగారకుడు కృత్తికల లాంటి నక్షత్రాల గుంపు పక్కన ఉన్నప్పుడు బైనాక్యులర్లే టెలిస్కోపు కంటే మేలు.

చిన్న టెలిస్కోపులో ఏం చూడగలను?

60 మిల్లీమీటర్ల (కాంతిని పట్టే ముఖ్యమైన అద్దం వెడల్పు అది) టెలిస్కోపులో నారింజ రంగు గుండ్రని బింబం కనిపిస్తుంది. 100 నుంచి 150 మిల్లీమీటర్లకు వెళితే మంచి రాత్రుల్లో ధ్రువం దగ్గర తెల్లని టోపీ, నడుమ నల్లని మచ్చలు కనిపిస్తాయి. ఆ మచ్చల్లో తేలిగ్గా గుర్తుపట్టగలిగేది సిర్టిస్ మేజర్. 1659లోనే ఖగోళ శాస్త్రజ్ఞుడు హైగెన్స్ దాన్ని గీశాడు.

అంగారకుడి విషయంలో సైజు బాగా మారుతుంది. బింబం 25 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) దాకా పెరిగే ఏళ్ళు ఉన్నాయి, 3.5కు కుదించుకుపోయే నెలలూ ఉన్నాయి. 2027 ఫిబ్రవరిలో 13.8 ఉంటుంది. 6 కంటే తగ్గిన రోజుల్లో చిన్న టెలిస్కోపుతో వివరాల కోసం కష్టపడటం అనవసరం, ఆ సమయం గురుడికో శనికో ఇవ్వండి.

బొమ్మ నీళ్ళలో ఉన్నట్టు వణుకుతోంది. టెలిస్కోపు పాడైందా?

ఎక్కువ భాగం తప్పు గాలిది. వెచ్చని, చల్లని గాలి పొరలు కలిసే చోట కాంతి అటూ ఇటూ వంగుతుంది. టెలిస్కోపును ముందే అరగంట, గంట బయట పెట్టి చల్లారనివ్వండి. వేడెక్కిన పైకప్పుల మీదుగా చూడకండి. అంగారకుడు ఆకాశంలో బాగా పైకి వచ్చేదాకా ఆగండి. 150 నుంచి 200 రెట్లు పెద్దది చేయడం చాలు, అంతకు మించితే వణుకే పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం ఓపిక. కంటిని టెలిస్కోపు చూసే చివర దగ్గర పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చోండి. వణుకు మధ్యలో ఒకటి రెండు క్షణాలు గాలి నిలిచిపోతుంది. ఆ క్షణాల్లో మచ్చలు చెక్కినట్టు కనిపించి మాయమవుతాయి. మొదటి చూపులో ఏమీ లేదని లేచిపోయినవారికి అంగారకుడు నిజంగానే ఏమీ చూపించడు.

రోజూ ఒకే వేళకు చూస్తుంటే దాదాపు అదే ముఖం కనిపిస్తోంది. తిరగడం లేదా?

తిరుగుతున్నాడు. అతడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి 24 గంటల 37 నిమిషాలు పడుతుంది. అందుకే నిన్న తొమ్మిదింటికి నడుమ ఉన్న మచ్చ ఇవాళ తొమ్మిదీ ముప్పై ఏడుకు గానీ అక్కడికి రాదు. రోజూ అదే వేళకు చూస్తే గోళమంతా మీ ముందు నుంచి సాగడానికి అయిదారు వారాలు పడుతుంది. త్వరగా చూడాలంటే ఒకే రాత్రి మూడు నాలుగు గంటల తేడాతో రెండుసార్లు చూడండి.

మచ్చలన్నీ మాయమయ్యాయి, బింబం నున్నగా ఉంది. ఏమైంది?

ధూళి తుపాను వచ్చి ఉండవచ్చు. అంగారకుడు సూర్యుడికి దగ్గరగా ఉండే కాలంలో కొన్నిసార్లు గ్రహమంతా ధూళి కమ్ముతుంది. 2018లో అంత దగ్గరికి వచ్చీ మచ్చలు కనిపించకపోవడానికి ఇదే కారణం. అంగారకుడి నేల మీద తిరిగిన ఆపర్చునిటీ రోవరు మూగబోయింది కూడా ఆ తుపానులోనే. 2027 లాంటి దూరపు కలయికల్లో ఆ భయం చాలా తక్కువ. అప్పుడు ఉత్తర ధ్రువపు టోపీ మన వైపు వంగి ఉంటుంది.

పాత పుస్తకాల్లో కాలువలు ఉన్నాయన్నారు. కనిపిస్తాయా?

లేవు. 1877లో ఖగోళ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి గీసిన సన్నని గీతలను పర్సివల్ లోవెల్ లాంటివారు తవ్విన కాలువలని నమ్మారు. మసక చుక్కలను మన కళ్ళు గీతలుగా కలిపేస్తాయి. 1965లో మారినర్ 4 అనే అంతరిక్ష నౌక పంపిన ఫోటోల్లో కనిపించినవి గుంటలు, కాలువలు కావు.

అంగారకుడి చంద్రులు ఫోబోస్, డీమోస్ కనిపిస్తాయా?

చిన్న టెలిస్కోపుల్లో కనిపించవు. పెద్దదైన ఫోబోస్ అడ్డుకొలత 22 కిలోమీటర్లే. అవి అంగారకుడి వెలుగు అంచునే దాక్కుని ఉంటాయి.

చూసినదాన్ని ఎలా దాచుకోవాలి? ఫోను కెమెరాతో రావడం లేదు.

ఫోనుతో నక్షత్రాల మధ్య అంగారకుడి చోటును తీయవచ్చు, బింబం మాత్రం రాదు. బింబం కావాలంటే టెలిస్కోపుకు కెమెరా తగిలించి, వీడియో తీసి, అందులో స్పష్టమైన చిత్రాలను ఏరి కలపాలి.

నా సలహా పెన్సిలు. అయిదు సెంటీమీటర్ల వృత్తం ముందే గీసి పెట్టుకోండి. మొదట తెల్లని టోపీ, తర్వాత పెద్ద నల్లని మచ్చలు, చివర అంచుల వెలుగు గీయండి. పావుగంటలో ముగించండి, ఎందుకంటే ఈలోగా గ్రహం తిరిగిపోతుంది. తేదీ, సమయం, టెలిస్కోపు సైజు, గాలి ఎలా ఉందో కింద రాయండి. మొదటి బొమ్మలో ఒక మరక తప్ప ఏమీ ఉండదు. పదో బొమ్మ దగ్గరికి వచ్చేసరికి సిర్టిస్ మేజర్ ఏ వేళకు నడుమకు వస్తుందో మీకే తెలిసిపోతుంది.